లాగిన్ పేజీ తెరుచుకోని రౌటర్: కొన్నేళ్ల వాడకం తరువాత సమీక్ష

మా ఇంట్లో కొన్నేళ్లుగా నడుస్తున్న రౌటర్ ఏసీ1200 అనే వై-ఫై వేగ తరగతికి చెందినది. ఇది 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటిలోనూ వై-ఫై ఇస్తుంది. కేబుల్ పోర్టుల వేగం మాత్రం 100 ఎంబీపీఎస్ దాటదు. వేగం గురించి చెప్పవలసింది తక్కువే. మేము తీసుకున్న 100 ఎంబీపీఎస్ ప్లానుకు ఇది సరిపోయింది. హాల్లో 5 గిగాహెర్ట్జ్ చక్కగా అందుతుంది, రెండు ఇటుక గోడలు దాటినా మేడ మీదికి వెళ్లినా 2.4 గిగాహెర్ట్జ్‌కు మారవలసి వస్తుంది. ఈ ధరలో దొరికే రౌటర్లలో చాలావాటి పనితనం ఇంతే. వై-ఫై పాస్‌వర్డ్ మార్చడానికో, పిల్లల ఫోనుకు సమయ పరిమితి పెట్టడానికో సెట్టింగుల పేజీలోకి వెళ్లవలసి వచ్చిన రోజున రౌటర్ అసలు నాణ్యత బయటపడుతుందని నా అభిప్రాయం. ఆ విషయంలో ఈ రౌటర్ నన్ను రకరకాలుగా సతాయించింది. అయితే ఆ సందర్భాలలో చాలావరకు పరికరంలో ఏ లోపమూ లేదు, చిక్కంతా ఆ పేజీ కోసం బ్రౌజర్‌లో కొట్టే అంకెల చిరునామా దగ్గరే వచ్చింది. ఈ ఇబ్బందులు ఆ తరగతి రౌటర్లన్నింటికీ ఇంచుమించు ఉమ్మడివి కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టినది ఒకే చిరునామా రెండు డబ్బాలకు ఉండడం. మన ఇళ్లలో ఫైబర్ కనెక్షన్ ఇచ్చే ఆపరేటర్ ముందుగా ఫైబర్ లైనును మామూలు నెట్ కేబుల్‌కు అందించే తన ఓఎన్‌టీ డబ్బాను గోడకు బిగిస్తాడు, దాని వెనుక మనం కొన్న రౌటర్ తగిలిస్తాము. మా ఓఎన్‌టీ చిరునామా 192.168.1.1. రౌటర్ అడుగున అంటించిన చీటీలో ఉన్నదీ అదే. ఇలా రెండూ ఒకే శ్రేణిలో (చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు ఒకటే అయ్యేలా) పడినప్పుడు ఈ రౌటర్ తన చిరునామాను తానే వేరే శ్రేణికి మార్చుకుంటుంది. ఆ ఏర్పాటు మంచిదే, అది లేకపోతే నెట్ అసలు నడవదు. కాని మార్చుకున్న సంగతి ఎక్కడా చెప్పదు. చీటీ మీది చిరునామాను బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వస్తుంది, మనకు తెలిసిన పాస్‌వర్డ్ ఇస్తే తప్పని చెబుతుంది. అక్కడ తెరుచుకున్నది ఓఎన్‌టీ పేజీ! రౌటర్ పాస్‌వర్డ్‌ను ఎవరో మార్చేశారని కంగారుపడి రీసెట్ బటన్ నొక్కే వారిలో చాలామంది నిజానికి వేరే డబ్బా తలుపు తడుతున్నారని నా నమ్మకం. లాగిన్ పేజీ మీద కనిపించే మోడల్ పేరును డబ్బా మీది పేరుతో పోల్చి చూస్తే ఈ సందేహం వెంటనే తీరుతుంది.

ఇళ్లలో వాడుకోవడానికి కేటాయించిన చిరునామాలు తక్కువేమీ కాదు. 1996 ఫిబ్రవరిలో వెలువడిన, ఇంటర్నెట్ పద్ధతులను వివరించే ఆర్‌ఎఫ్‌సీ 1918 పత్రం ప్రకారం 192.168తో మొదలయ్యేవే 65,536 ఉన్నాయి. అయినా తయారీదారులు ఎక్కువమంది 192.168.0.1, 192.168.1.1 దగ్గరే గుమిగూడారు. షావోమీ 192.168.31.1ను, ఆసుస్ కొత్త మోడళ్లలో 192.168.50.1ను, జియో ఫైబర్ 192.168.29.1ను ఎంచుకోవడం చూస్తే ఈ గొడవను తప్పించడం పెద్ద కష్టమేమీ కాదని తెలుస్తుంది.

అందువల్ల చీటీని నమ్మడం మానేసి, ప్రస్తుతం అమలులో ఉన్న చిరునామాను ఫోనునో కంప్యూటర్‌నో అడగడం అలవాటు చేసుకున్నాను. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇస్తే డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో కనిపించేదే రౌటర్ చిరునామా. ఆండ్రాయిడ్‌లో కలిసి ఉన్న వై-ఫై వివరాలలో గేట్‌వే అని, ఐఫోన్‌లో రౌటర్ అని ఉంటుంది. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదని అర్థం. అప్పుడు బ్రౌజర్‌తో ఎంత కుస్తీ పట్టినా ప్రయోజనం ఉండదు. కేబుల్ మార్చి చూడాలి, లేదా కంప్యూటర్‌కు రౌటర్ శ్రేణిలోనే ఒక చిరునామాను చేత్తో ఇచ్చి, శ్రేణి ఎంతవరకో చెప్పే సబ్‌నెట్ మాస్క్‌ను 255.255.255.0 పెట్టి ప్రయత్నించాలి.

ఫోనులో తెరవబోతే ఎదురయ్యే చిక్కులు వేరే. రౌటర్‌కు బయటి నెట్ అందనప్పుడు, అంటే సెట్టింగులు చూడవలసిన అవసరం ఎక్కువగా పడే సమయంలోనే, ఫోను ఆ వై-ఫైని పక్కనపెట్టి మొబైల్ డేటా మీదికి మారిపోవచ్చు. వై-ఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. మొబైల్ డేటాను ఆపేస్తే మరుక్షణమే తెరుచుకున్న సందర్భాలు మా ఇంట్లో ఉన్నాయి. అతిథుల కోసం వేరుగా ఉంచే గెస్ట్ వై-ఫైలో కలిసి ఉన్న ఫోనుకు ఈ రౌటర్ సెట్టింగుల పేజీ చూపించదు. అది భద్రత కోసం చేసిన ఏర్పాటు కనుక తప్పుపట్టను.

అంకెలకు బదులుగా గుర్తుంచుకోమని కంపెనీలు ఇచ్చే వెబ్ పేర్లను నేను వాడను. ఆ పేరుకు జవాబు చెప్పవలసింది రౌటరే. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌కు (వెబ్ పేర్లను అంకెలుగా మార్చే ఏర్పాటుకు) ఒక సర్వీసు పేరు ఇచ్చి ఉన్నా, నెట్ రాకపోకలను వేరే సర్వర్ గుండా పంపే వీపీఎన్ నడుస్తున్నా ఆ పేరుకు అంకెలేమిటన్న ప్రశ్న రౌటర్‌ను దాటి బయటికి వెళుతుంది. పైగా, టీపీ-లింక్ తన రౌటర్ల కోసం వాడిన టీపీలింక్‌లాగిన్.నెట్ అనే పేరు ఆ కంపెనీ చేతిలోంచి జారిపోయిందని 2016లో బయటపడింది. అంకెలతో ఆ బెడద లేదు. అంకెలు కొట్టినా పేజీ రాకపోతే, బ్రౌజర్ తనంతట తాను హెచ్‌టీటీపీఎస్ చేర్చిందేమో చూసి, అంకెలకు ముందు హెచ్‌టీటీపీ అని స్పష్టంగా ఇవ్వాలి.

ఓఎన్‌టీ, రౌటర్ ఒకదాని వెనుక ఒకటిగా రెండూ డేటా మీది చిరునామాలు మార్చడం వల్ల ఆన్‌లైన్ ఆటలలో చిక్కులు వస్తుంటే కొంతకాలం దీనిని యాక్సెస్ పాయింట్ పద్ధతిలో నడిపాము. ఆ పద్ధతిలో రౌటర్ చిరునామాలు పంచడం మానేసి, తానే ఓఎన్‌టీ నుంచి ఒక చిరునామా తీసుకుంటుంది. అది ఎప్పుడు ఏది ఉంటుందో చెప్పలేము, గేట్‌వే వరుసలోనూ కనిపించదు. ఓఎన్‌టీ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిచి, రౌటర్ అడుగున ముద్రించిన మ్యాక్ చిరునామాతో (పరికరానికి ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యతో) సరిచూసి పట్టుకోవాలి. ఓఎన్‌టీలోనే ఆ మ్యాక్‌కు ఒక చిరునామా శాశ్వతంగా కేటాయించిన తరువాత ఆ వెతుకులాట తప్పింది. అడుగున చీటీ మీది సిరా వేడికి వెలిసిపోతుంది కనుక దానిని ముందే ఫోటో తీసి ఉంచుకోవడం మేలు.

పరికరం వైపు నుంచి వచ్చిన లోపాలు రెండే. ఒకటి, ఎండాకాలంలో చాలా రోజులు ఆపకుండా నడిచినప్పుడు నెట్ బాగానే వస్తున్నా సెట్టింగుల పేజీ సగం తెరుచుకుని ఆగిపోవడం. పేజీ చూపించే ప్రోగ్రాము, డేటాను దారి మళ్లించే పని వేరువేరు కనుక మొదటిది ఆగినా రెండవది సాగుతూనే ఉంటుంది; కరెంటు తీసి పెడితే సరిపోతుంది. సెట్‌టాప్ బాక్సు మీద నుంచి తీసి గాలి ఆడేచోట పెట్టిన తరువాత ఇది బాగా తగ్గింది. రెండవది అడాప్టర్. లైట్లు వెలుగుతూనే ఉండగా రౌటర్ మళ్లీ మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతుంటే అడాప్టర్‌నే ముందు అనుమానించాలి. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ, పిన్ను కొలత, ప్లస్ మైనస్ గుర్తు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్లు ఎక్కువ ఉన్నా నష్టం లేదు. కరెంటు కోతల కోసం మినీ యూపీఎస్ కొనేవారికీ ఇదే లెక్క.

రీసెట్ గురించి కొంత గట్టిగానే చెబుతాను. లైట్లు ఒక్కసారిగా వెలిగి ఆరేవరకు, సుమారు 10 సెకన్లు బటన్ నొక్కి పట్టుకుంటే ఈ రౌటర్ కొత్తదానిలా మారుతుంది, ఆ పని నమ్మకంగా చేస్తుంది. కాని ఆపరేటర్ నెట్ లాగిన్ కోసం ఇచ్చే పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ రౌటర్‌లో పెట్టి ఉంటే అవి కూడా చెరిగిపోతాయి. అవి కాగితం మీద లేకపోతే ఆపరేటర్ మనిషి వచ్చేదాకా ఇల్లంతా నెట్ లేకుండా ఉండాలి. పేజీ తెరుచుకుంటున్న రోజులలోనే సెట్టింగుల బ్యాకప్ ఫైలును కంప్యూటర్‌లో దాచుకుంటే తిరిగి ఎక్కించడం నిమిషాల పని. ఓఎన్‌టీ మీది రీసెట్ జోలికి మాత్రం వెళ్లకూడదు. ఫైబర్ లైనుకు సంబంధించిన నమోదు వివరాలు అందులో పోతే వాటిని ఆపరేటర్ తప్ప ఇంట్లో ఎవరూ తిరిగి పెట్టలేరు.

100 ఎంబీపీఎస్ లోపు ప్లాను, రెండు మూడు గదుల ఇల్లు ఉన్నవారికి ఈ తరగతి రౌటర్ ఇప్పటికీ పనికొస్తుంది. అంతకు మించిన ప్లాను తీసుకునేవారు గిగాబిట్ పోర్టులు ఉన్నదే కొనాలి, లేకపోతే కట్టిన డబ్బులో కొంత పోర్టు దగ్గరే ఆగిపోతుంది. ఓఎన్‌టీలోనే వై-ఫై ఉండి, అది ఇల్లంతా అందుతున్నవారు ఇంకో రౌటర్ కొనే ముందు ఒకసారి ఆలోచించాలి, రెండు డబ్బాల తగువు అసలు మొదలు కాకుండా ఉంటుంది. నేను తరువాత కొనబోయేదానిలో గిగాబిట్ పోర్టులతో పాటు, చిరునామా మారితే ఆ సంగతి తెలియజేసే మొబైల్ యాప్, అది కూడా బయటి నెట్ లేకపోయినా పని చేసేది, ఉందో లేదో చూస్తాను.