మెదక్ చర్చిలో గుడ్ ఫ్రైడే

మా అత్తమ్మ పోరు పడలేక ఈసారి గుడ్ ఫ్రైడేకి మెదక్ వెళ్లాం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం మూడు గంటలంటే నాకు ముందే టెన్షన్. ఉపవాసం కదా, ఐదో మాట ‘దప్పిగొనుచున్నాను’ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నిజంగానే ఎండిపోయింది. పక్కన అత్తమ్మ మాత్రం కదల్లేదు, తెల్లచీర కొంగు కూడా జారలేదు.

1924లో ప్రతిష్ఠించిన ఈ చర్చిలో నన్ను కట్టిపడేసింది సిలువ దృశ్యం ఉన్న రంగుటద్దాల కిటికీ. ఎండ పడితేనే ఆ రంగులు వెలుగుతాయి, చీకటి పడ్డాక వెళ్తే ఏమీ కనిపించదు. గంటల గోపురం 175 అడుగులు. పిల్లలతో వెళ్లేవాళ్లు తలుపు దగ్గర కూర్చోండి. బయట ఎండలో చెప్పులు వెతుక్కోవడం మాత్రం వేరే ఉపవాసం!