మార్ఫిన్ పంపుతో రెండున్నర రోజులు

పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్ తర్వాత రెండున్నర రోజుల పాటు, నొప్పి తగ్గించే మార్ఫిన్ మందును ఎక్కించే ఈ పంపు నా మంచం పక్కనే నిలబడి ఉంది. ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద రాశాను. ఒక పొరపాటు మాత్రం పూర్తిగా నాదే, దానికి నక్షత్రం కోయలేదు.

నేను ఆడిటర్‌ని. చేతికి వచ్చిన ప్రతిదాన్నీ ముందు అనుమానించడం నా వృత్తి. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు వచ్చి, "నొప్పి వేసినప్పుడు మీరే మీట నొక్కుకోవచ్చు, మార్ఫిన్ నేరుగా నరంలోకి వెళ్తుంది" అనగానే, "వరసగా వందసార్లు నొక్కితే?" అని అడిగాను. "తొంభై తొమ్మిది సార్లు అది వినిపించుకోదు" అన్నారాయన.

నిజంగానే వినిపించుకోదు. పెట్టెలో ఒక పెద్ద సిరంజి, దానిమీద అద్దంలాంటి మూత, మూతకు తాళం. తాళంచెవి నర్సుల దగ్గరే ఉంటుంది. నాకు పెట్టిన కొలత ఒక్కో నొక్కుకు ఒక మిల్లీగ్రాము. ఒకసారి మందు వదిలాక ఎనిమిది నిమిషాల దాకా మళ్ళీ వదలదు. ఈలోగా ఎన్నిసార్లు నొక్కినా ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుంటుందే తప్ప సిరంజి కదలదు. ఇవి నా వయసుకూ నా కిడ్నీలకూ సరిపడా పెట్టిన అంకెలు. కిడ్నీలు సరిగా పనిచేయని వాళ్ళలో ఈ మందు తాలూకు అవశేషాలు ఒంట్లో పేరుకుపోతాయట, వాళ్ళకు లెక్క వేరు.

పంపు మొదలుపెట్టేటప్పుడు ఇద్దరు నర్సులు వచ్చారు. ఒకరు సిరంజి మీది చీటీని పైకి చదివారు: "మార్ఫిన్, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము." రెండో ఆవిడ చీటీ వైపు చూడకుండా పంపు తెర మీదిది చదివింది. రెండూ కలిశాకే ఇద్దరూ సంతకాలు చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదే మందు మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాముల గాఢతలోనూ దొరుకుతుంది. తెర మీద ఒకటి, సిరంజిలో పది ఉంటే రోగికి పదింతలు పోతుంది. హైడ్రోమార్ఫోన్ అని దీనికి పేరులో దగ్గరి చుట్టం ఒకటుంది, దాని ఒకటిన్నర మిల్లీగ్రాములు సుమారు పది మిల్లీగ్రాముల మార్ఫిన్‌తో సమానం. హడావిడిలో పేరు సగమే చదివితే చాలు, కొంప మునుగుతుంది. మీ మంచం దగ్గర ఒక్కరే వచ్చి చకచకా బిగించేసి వెళ్తుంటే ఆపి అడగండి. నేనైతే అడిగేదాన్ని.

మొదటి సాయంత్రం నేను కునుకు తీస్తుంటే, నా నుదురు ముడిపడటం చూసి మా ఆయన మీట అందుకున్నారు. గుమ్మంలోంచే నర్సు, "సార్, వదిలేయండి" అంది. ఆయన నొచ్చుకున్నారు. "నొప్పితో మూలుగుతోంది సిస్టర్!"

"మూలిగితే మమ్మల్ని పిలవండి. మీట మాత్రం అమ్మే నొక్కుకోవాలి. నొక్కింది మీరో ఆవిడో ఈ పెట్టెకు తెలియదు సార్."

ఆ పెట్టెలోని భద్రత అంతా నిలబడింది ఈ ఒక్క విషయం మీదే. మార్ఫిన్ మోతాదు మించుతున్నప్పుడు సాధారణంగా ముందు మత్తు ముంచుకొస్తుంది, ఊపిరి మందగించడం ఆ తర్వాత. మత్తులో ఉన్న మనిషి మీట నొక్కలేడు కాబట్టి మందు దానంతట అదే ఆగుతుంది. పక్కన కూర్చున్న వాళ్ళు ప్రేమకొద్దీ నొక్కితే ఆ అడ్డు తొలగిపోతుంది. మా ఆయన ఆ రాత్రంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు, పాపం.

ఇక కోసిన నక్షత్రం సంగతి. మర్నాడు పొద్దున డాక్టరు పంపులోని లెక్క చూశారు. ఆరు గంటల్లో నేను అడిగినవి 43, అది ఇచ్చినవి 19. "నొప్పి అంత ఎక్కువగా ఉందా?" అన్నారు. ఉంది. కానీ వాటిలో కొన్ని నొక్కులు నొప్పికి కావు, మంచినీళ్ళకు! నర్సును పిలిచే గంటా, మందు మీటా రెండూ తెల్లటి తీగల చివర వేలాడుతుంటాయి. రెండూ బొటనవేలితో నొక్కేవే, చీకట్లో తేడా తెలియదు. నీళ్ళ కోసం పిలిస్తే మనిషి రాలేదు, చిన్న కూత వచ్చింది, కాసేపటికి నేను మళ్ళీ నిద్రలోకి జారిపోయాను. ఇంత తెలివిగల యంత్రానికి ఇంత తెలివితక్కువ మీట ఎవరు తగిలించారో! నర్సు ఆ పూటే గంట తీగకు ప్లాస్టరు చుట్టి, "గరుకుగా తగిలితే నేను, నున్నగా తగిలితే మందు" అంది. డాక్టరు సెలైన్‌తో పాటు పారాసెటమాల్ కూడా మొదలుపెట్టారు. అది తోడైతే మార్ఫిన్ తక్కువ సరిపోతుందట. సరిపోయింది కూడా.

రెండో రాత్రి జరిగింది నా నిర్వాకం. ఏళ్ళ తరబడి వేసుకుంటున్న నిద్రమాత్ర ఒకటి నా చేతిసంచిలో ఉంది. ఎవరికీ చెప్పకుండా వేసుకున్నాను. ఆ సిస్టర్ గంటకోసారి వచ్చి, నన్ను ముట్టుకోకుండా, చేతి గడియారం చూసుకుంటూ నిండు నిమిషం నా ఊపిరులు లెక్కపెట్టేది. ముందు లెక్కలో 14. ఆ రాత్రి 8. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి వేలికి తగిలించిన క్లిప్పు మాత్రం 97 చూపిస్తూ హాయిగా మెరుస్తోంది. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉన్నప్పుడు ఆ అంకె చాలా ఆలస్యంగా పడుతుందట, అందుకే ఆమె దాన్ని నమ్మలేదు. మీట తీసేసింది, పంపు ఆపింది, భుజం తట్టి పేరు పెట్టి పిలిచింది. నాకు గుర్తున్నది, "గట్టిగా గాలి పీల్చండమ్మా, ఇంకోసారి, ఇంకోసారి" అన్న గొంతు ఒక్కటే. నాలోక్సోన్ సిరంజిలో సిద్ధంగా పెట్టారు, అవసరం పడలేదు. అది మార్ఫిన్‌కు విరుగుడు. దాని ప్రభావం మార్ఫిన్ కంటే ముందే దిగిపోవచ్చు కాబట్టి, ఇచ్చాక కూడా గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలట.

డాక్టరు వచ్చి అడిగింది ఒకటే ప్రశ్న: "బయటి మాత్ర ఏదైనా వేసుకున్నారా?" లెక్కల్లో చూపని ఖాతాలు పట్టుకోవడమే బతుకుతెరువుగా ఉన్న మనిషిని నేను. తల దించుకుని చేతిసంచి ఇచ్చేశాను. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, మద్యం, ఇవన్నీ మార్ఫిన్‌తో కలిస్తే ఊపిరిని అణిచేస్తాయి. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, గట్టి గురక ఉన్నా ముందే చెప్పాలి.

మిగతావి చిన్నవి. ముక్కు దురద పెట్టింది. మొదటిరోజు వికారం, తర్వాత సర్దుకుంది. మలబద్ధకం మాత్రం సర్దుకునే రకం కాదు, ఒళ్ళు దానికి అలవాటు పడదు. విరేచనం మందు మొదటిరోజే రాయాల్సింది, నా విషయంలో వాళ్ళకు మూడో రోజు గుర్తొచ్చింది. "అలవాటైపోతుందేమో" అని ఫోన్లో గుసగుసలాడిన బంధువులకు డాక్టరు చెప్పిన మాటే చెప్పాను: కొద్దిరోజులు, నొప్పికి తగినంత, వాళ్ళ కళ్ళ ముందు వాడితే ఆ ముప్పు తక్కువ. ఇంటికి తెచ్చుకుని మన ఇష్టానికి వాడితే సంగతి వేరు.

మూడో రోజు మాత్రలకు మార్చారు. చీటీ మీది మిల్లీగ్రాములు ఇంజెక్షన్ కంటే పెద్దగా కనిపించేసరికి గొడవపడ్డాను. మింగిన మార్ఫిన్‌లో చాలా భాగాన్ని కాలేయమే మింగేస్తుందట. ఇంజెక్షన్‌గా పదికి, నోటి ద్వారా సుమారు ముప్ఫై. ఒప్పుకున్నాను.

పంపు విప్పాక సిరంజిలో 11 మిల్లీలీటర్లు మిగిలింది. పారబోయడానికీ రెండు సంతకాలు కావాలి. రెండో నర్సు వేరే మంచం దగ్గర తీరిక లేకుండా ఉంది. ఆమె వచ్చేదాకా, దాదాపు పావుగంట, ఆ సిరంజి పట్టుకుని ఈ సిస్టర్ నా మంచం పక్కనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.