బాండికూట్ మనదే, మరి మంగూస్? చికాగో డిజిటల్ నిఘంటువులపై సమీక్ష

ఇంగ్లిష్ మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విద్యార్థులు ముందుగా తెరవాల్సింది చికాగో విశ్వవిద్యాలయం ఉచితంగా నడుపుతున్న దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల సైటు. భారతదేశంలోని ఇంగ్లిష్‌వాళ్ళు వాడిన మాటల నిఘంటువు హాబ్సన్ జాబ్సన్, బ్రౌన్ తెలుగు నిఘంటువు, బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మూడూ అక్కడే దొరుకుతాయి.

బాండికూట్‌తో మొదలుపెట్టండి. అది తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని హాబ్సన్ జాబ్సన్ మొదటి వాక్యంలోనే చెబుతుంది. ఆ కిందే పాత యాత్రికుల మాటలు కాలక్రమంలో ఉంటాయి. దేవగిరి చెరసాలలో పిల్లుల కంటే పెద్ద ఎలుకలున్నాయన్న ఇబన్ బతూతా మాట కూడా అక్కడ చదవొచ్చు. 1886లో మొదటిసారి అచ్చయిన ఈ పుస్తకానికి నేటికీ విలువ తెస్తున్నవి ఈ ఉదాహరణలే. వ్యుత్పత్తి ఊహల్లో కొన్ని పాతబడ్డాయి గానీ ఇవి పాతబడవు.

మంగూస్ దగ్గర మాత్రం తొందరపడకూడదు. మనం ముంగిస అంటాం కాబట్టి అదీ తెలుగు నుంచే వెళ్ళిందని చాలామంది తేల్చేస్తారు. హాబ్సన్ జాబ్సన్ కూడా అది తెలుగు మాటేనంటుంది, కానీ జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దాన్ని దక్కనీ, మరాఠీ మాటగా ఇచ్చాడని కూడా చెబుతుంది. మూలం ద్రావిడమే కావచ్చు. అయినా ఇంగ్లిష్‌కి ఆ మాట అందించిన భాష ఏదన్నది వేరే ప్రశ్న.

వెతకడంలో చిక్కులున్నాయి. హాబ్సన్ జాబ్సన్ తెలుగును ‘టెలెగు’ అని రాస్తుంది, ఇవాళ్టి స్పెల్లింగ్‌తో వెతికితే పందికొక్కు తప్పిపోతుంది. ద్రావిడ నిఘంటువు రోమన్ లిపిలో ఉంటుంది, తమిళ రూపం ఉన్నచోట దాన్నే ముందు పెడుతుంది. అందుకని తెలుగు మాటను ఆరోపం (ఒక్కో పదానికి నిఘంటువులో ఇచ్చిన వివరణ) మొదట్లో కాకుండా పాఠమంతా వెతకాలి. బ్రౌన్‌లో ఈ బాధ లేదు. తెలుగు లిపిలోనే కొట్టొచ్చు, మాట పక్కన బ్రాకెట్లో అది తెలుగో సంస్కృతమో గుర్తు ఉంటుంది. ముందు ఆ గుర్తు చూసుకుంటే సంస్కృత పదాన్ని ద్రావిడ నిఘంటువులో వెతికే శ్రమ తప్పుతుంది.

కొత్త అర్థాలకు మాత్రం హాబ్సన్ జాబ్సన్ చాలదు. కాటమరాన్ తమిళ కట్టుమరం అని, మూడు నాలుగు దుంగలు కట్టిన తెప్ప అని హాబ్సన్ జాబ్సన్ చెబుతుంది. విశాఖపట్నం పెదజాలరిపేట ఒడ్డున అందరికీ తెలిసిన తెప్పే అది. ఇప్పటి జంట పడవ అర్థానికి కొత్త ఇంగ్లిష్ నిఘంటువు పక్కన పెట్టుకోవాల్సిందే.