పాడేరు నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా నడిచి దిగాం

విశాఖలో ఉండేవాళ్ళకి అరకు అంటే పొద్దున్నే కిరండూల్ రైలెక్కడం, బొర్రా గుహలు చూడడం, బొంగు చికెన్ తిని రాత్రికి ఇంటికొచ్చి పడడం. అక్కడ నడవచ్చని మా అక్కకి తప్ప ఎవరికీ తట్టలేదు. అక్క, బావ, మా వీధిలో ఉండే రిటైర్డ్ సోషల్ మాష్టారు, నేను. పాడేరు నుంచి హుకుంపేట, చాపరాయి మీదుగా అరకు దాకా వలిసె పూలు చూసుకుంటూ హాయిగా నడిచేశాం, చెప్పుకోడానికేమీ లేదు.

అరకు చేరే రోజుకి మాత్రం ఫోన్లో చూసి రెండు టెంట్లు బుక్ చేశాను. పేరు రాయడం లేదు. ఒక్కో టెంటు 1,600 రూపాయలు, రాత్రి భోజనం, చలిమంట కలిపే అని ఉంది. చేరేసరికి చీకటి పడింది. లోపల పరుపు చెమ్మగా ఉంది, టెంటుకి దుప్పటి ఒక్కటే. ఇంకోటి కావాలంటే వంద. వేడినీళ్ళు బకెట్టు డెబ్భై. మంట దగ్గరికెళ్తే అక్కడ మూడు రాళ్ళున్నాయి, మంట లేదు.

"మంట ఫ్రీయే సార్, కర్రలకే డబ్బులు. కట్ట మూడొందలు" అన్నాడు అక్కడి కుర్రాడు, మొహంలో నవ్వన్నది లేకుండా. మా బావ ఏళ్ళ తరబడి బ్యాంకులో లోన్ల సెక్షన్లో చేశాడు. ఇలాంటి మాట తనకి కూడా ఎప్పుడూ తట్టలేదన్నాడు.

భోజనం అంటే చల్లారిన ఫ్రైడ్ రైస్. ఎనిమిదింటికి డీజే మొదలైంది. పక్క టెంట్లలో ఏదో ఆఫీసు బ్యాచ్ దిగింది, వాళ్ళ గెంతులకి మా టెంటు తాళ్ళు ఊడొచ్చాయి. పదకొండింటికి ఓనరుకి ఫోన్ చేస్తే "మీరూ ఎంజాయ్ చెయ్యండి సార్" అని పెట్టేశాడు. ఒంటిగంట దాకా అంతే. పొద్దున్న ఉప్మా కూడా భోజనంలో లెక్క కాదట, ప్లేటు అరవై. రెండు దుప్పట్లు, రెండు బకెట్లు, ఒక కట్ట కర్రలు, నాలుగు ఉప్మాలు కలిపి నలుగురికి ఆ రాత్రి 4,080 అయింది. అంత డబ్బుకి బీచ్ రోడ్డులో ఏసీ గదిలో పడుకోవచ్చు.

మర్నాడు సుంకరమెట్ట దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. నడక చివరికొచ్చేసరికి ఎవరి పని వాళ్ళకి అలవాటైపోతుంది కాబట్టి మాటల్లేకపోయినా జరిగిపోతుంది. ఐదింటికి లేవడం, మంచుకి ఆరని సాక్సులు సంచికి పిన్నీసులతో గుచ్చుకోవడం, మిగిలిన బిస్కెట్లు లెక్కపెట్టుకోవడం. బావ కాలి బొటనవేలి గోరు నల్లబడింది, దాన్ని రోజూ అందరికీ చూపించడం ఆయనకొక కార్యక్రమం. మాష్టారికి మోకాళ్ళు ఎక్కేటప్పుడు ఏమీ అనలేదు, దిగేటప్పుడు పట్టుకున్నాయి. కాఫీ తోటల్లో పళ్ళు ఎర్రబడి, ఆడవాళ్ళు బుట్టలు కట్టుకుని కోస్తున్నారు. నీడకి పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల నిండా మిరియం తీగలే. అక్కడ ఇరవై రూపాయల కాఫీ తాగాక అక్క మొదటిసారి నోరు విప్పింది: "ఇవాళ నువ్వేం బుక్ చెయ్యకు."

గాలికొండ దాటాక రోడ్డు వదిలి ఒక ఊళ్ళోకి దిగాం. ఆ ఊరి పేరు కూడా రాయను, రాస్తే రేపక్కడా డీజే పెడతారు. ఒకామె ఇంటి ముందు చోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. రాత్రికి తిండి దొరుకుతుందా అని అక్క అడిగింది.

"కోడి కావాలంటే ఐదొందలవుతాది. రెండు పూటలా కూడు, మనిషికి వంద. ముందే చెప్తన్నానమ్మా, తరవాత తగువొద్దు."

ఆ మాటకే మా బావ సంచి దింపేశాడు. సామల అన్నం, నాటుకోడి కూర, కాల్చిన టమాటా, మిరపకాయలు నూరిన పచ్చడి, అన్నీ అడ్డాకు విస్తళ్ళలో. నూనె తక్కువ, కారం ఎక్కువ. మాష్టారు మూడుసార్లు వడ్డించుకున్నారు. వసారాలో చాపలు వేసి, పక్కనే నెగడు వేసింది. బావ ఊరుకోక "కర్రలకెంతమ్మా?" అన్నాడు. ఆమె ఈయనకి జ్వరం గానీ వచ్చిందా అన్నట్టు అక్క వైపు చూసింది. పొద్దున్న చోడి అంబలి తాగి, చెప్పిన 900 ఇచ్చి, అక్క వాళ్ళ పిల్ల చేతిలో ఇంకో 200 పెట్టింది.

ఊట దగ్గర సీసాలు నింపుతుంటే మాష్టారు క్లాసు తీసుకున్నారు. ఈ అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల్లో దూరి, తాటిపూడి జలాశయం నిండి, విశాఖ కొళాయిల్లోకీ వస్తుందట. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలోకి. "ఇక్కడ పట్టుకుంటే నీటి పన్ను లేదు" అన్నాడు బావ. అవతలి కొండలో గూడ్సు బండి సొరంగంలోకి దూరుతుంటే రెండో క్లాసు: ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపానుకి పంపడానికి 1960ల్లో వేసిన లైను, 58 సొరంగాలు, శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తు. ఇన్నేళ్ళూ ఈ లైను మీదే పోయే కిరండూల్ రైల్లో కిటికీ పక్కన నిద్రపోయినవాణ్ణి, ఇవన్నీ నడుస్తుంటేనే విన్నాను.

డముకు నుంచి కిందకి ఆదివారం మాత్రం నడవకండి. కార్లు మలుపుల్లో హారన్ కూడా కొట్టవు, ఆగినవాళ్ళు కోతులకి చిప్సు విసురుతారు, అవి మన సంచుల మీద పడతాయి. వారం మధ్యలో, తెల్లారకముందే బయల్దేరండి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, సిగ్నల్ లేని చోట స్కానర్ బోర్డు గోడకి అందం తప్ప ఎందుకూ పనికిరాదు.

టైడా దాటేసరికి స్వెటర్లన్నీ సంచుల్లోకి పోయాయి, ఫోన్లు బయటికొచ్చాయి. పొద్దున్నదాకా ఒక్క బిస్కెట్టు నలుగురం పంచుకున్నవాళ్ళం, తలో పక్కకీ తిరిగి మాట్లాడుకుంటున్నాం. బావకి ఆఫీసు, అక్కకి అత్తగారు, నాకు కరెంటు బిల్లు.

ఎస్.కోటలో బస్సెక్కితే అక్క ఆధార్ చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుంది, మగాళ్ళం డబ్బులిచ్చాం. పెందుర్తి వచ్చేలోపు బావ ఖర్చులన్నీ నాలుగు వాటాలు వేసేశాడు. ఆ 4,080 మాత్రం నా ఒక్కడి పేరునే రాశాడు, బుక్ చేసింది నేనట. మాష్టారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, లెక్క సరిగ్గానే ఉందన్నారు.