అన్యేహో టెకీలాతో ఇంట్లో మార్గరీటా: ఏడాదిన్నర తర్వాత నా రివ్యూ

టెకీలా అంటే అగావే అనే మొక్క నుంచి తీసే మెక్సికో మద్యం, దాన్ని ఓక్ చెక్క పీపాలో ఏడాదికి పైగా ఉంచితే అన్యేహో. టెకీలాలో నిమ్మరసం, నారింజ లిక్కర్ (తియ్యటి మద్యం) కలిపే కాక్‌టెయిల్ మార్గరీటా. ముందే చెప్పేస్తా, అన్యేహోతో మార్గరీటా చాలా బాగుంటుంది. కాకపోతే మామూలు మార్గరీటా కొలతలు దీనికి పనికిరావు. ఈ చిన్న విషయం నా బుర్రకెక్కేసరికి ఒకటిన్నర సీసా అయిపోయింది. బ్రాండ్ల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఈ ఏడాదిన్నరలో మూడు వేర్వేరు కంపెనీల సీసాలు వాడాను, కొలతల గురించి చెప్పబోయేది మూడింటికీ ఒకటే. అందులో ఒక సీసా మాత్రం నన్ను బాగా మోసం చేసింది, దాని సంగతి కిందకి వచ్చాక చెప్తాను.

మొదటిసారి అందరూ చేసేదే చేశాను. టెకీలా 60 మి.లీ., నిమ్మరసం 30, ట్రిపుల్ సెక్ అనే నారింజ లిక్కర్ 30. షేకర్‌లో వేసి ఊపి, గ్లాసు అంచు చుట్టూ ఉప్పు అద్ది, మంచి టెకీలా కదా అని కాస్త గర్వంగానే మా బావమరిది చేతికి ఇచ్చాను. వాడు ఒక గుక్క తాగి, "బావా, ఇందులో టెకీలా పోశావా, మర్చిపోయావా?" అన్నాడు. నేనూ తాగి చూశా. ముందు పులుపు, ఆ వెనకే పాకం లాంటి తీపి, చివర్లో టీ ఆకు నమిలినట్టు వగరు. ఆ సీసాకి పేరు తెచ్చిన వెనీలా వాసన ఎక్కడా తగల్లేదు. అదే టెకీలా చిన్న గ్లాసులో పోసుకుని ఉత్తగా తాగితే మాత్రం అమృతం.

తప్పు సీసాది కాదని తెలియడానికి టైం పట్టింది. బ్లాంకో అంటే పీపాలో పెట్టకుండా, లేదా రెండు నెలల లోపే తీసేసిన టెకీలా. అందులో మిరియాల ఘాటు, పచ్చి ఆకు వాసన, కొంచెం నిమ్మ జాడ కూడా ఉంటాయి కాబట్టి నిమ్మరసం ఎంత పోసినా తట్టుకుంటుంది. పాత కొలతలన్నీ దాన్ని మనసులో పెట్టుకునే తయారయ్యాయని నా అనుమానం. రెండు నెలలు దాటి ఏడాది లోపు పీపాలో ఉంటే రెపొసాదో. అన్యేహో కనీసం ఏడాది, అదీ 600 లీటర్లకి మించని ఓక్ పీపాలో ఉండాలి. చాలా కంపెనీలు వాడేది అంతకు ముందు బోర్బన్ విస్కీ ఉన్న పీపాలే. ఆ చెక్కలోంచి వెనీలా, మాడిన చక్కెర వాసన వస్తాయి, వాటితో పాటే వగరూ వస్తుంది. పులుపు ఎక్కువైతే ముందు ఎగిరిపోయేది ఆ వాసనలే, మిగిలేది వగరు. అప్పట్నించి దీన్ని మార్గరీటా అనుకోవడం మానేసి విస్కీ సవర్‌కి (విస్కీ, నిమ్మరసం, చక్కెర కలిపే కాక్‌టెయిల్) దగ్గరి చుట్టం అనుకుని కలపడం మొదలుపెట్టా, అక్కడ్నించే రుచి దారిలో పడింది.

ఇప్పుడు నేను వాడే కొలత: అన్యేహో 60 మి.లీ., నిమ్మరసం 15, బ్రాందీ ఆధారంగా చేసిన నారింజ లిక్కర్ 10, అగావే సిరప్‌లో సమానంగా నీళ్లు కలిపి అందులోంచి 5 నుంచి 7 మి.లీ. దాకా. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం వాళ్ల కొలత 50, 20, 15. అంటే టెకీలా 50, ట్రిపుల్ సెక్ 20, నిమ్మరసం 15. అదీ ప్రయత్నించాను, మొదటి దానికన్నా వంద రెట్లు నయం, అయినా లిక్కర్‌లోని నారింజ నా టెకీలా మీద పెత్తనం చేస్తోందనిపించింది. క్వాంట్రో లాంటి ట్రిపుల్ సెక్ చాలా స్వచ్ఛంగా, పదునుగా ఉంటుంది, బ్లాంకోకి అదే సరైన జోడీ. అన్యేహోకి గ్రాండ్ మార్నియే లాంటి నారింజ లిక్కర్ నప్పుతుంది, అందులో పీపాలో ఊరిన కోన్యాక్ అనే ఫ్రెంచ్ బ్రాందీ ఉంటుంది కాబట్టి చెక్క వాసనకి చెక్క వాసన తోడవుతుంది. లిక్కర్ అసలే వద్దనుకుంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో హూలియో బెర్మెహో మొదలుపెట్టిన టామీస్ మార్గరీటా పద్ధతి ఉంది: టెకీలా, నిమ్మరసం, అగావే సిరప్, అంతే. టెకీలా అసలు రుచి తెలియాలంటే దానికి మించింది లేదు. వారంలో రెండోసారి చేసుకుంటే నేను అదే చేస్తా, బద్ధకం కూడా ఒక కారణం అనుకోండి.

నిమ్మకాయ దగ్గర పిసినారితనం పనికిరాదు. ముందు రోజు రాత్రి పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసంతో ఒకసారి చేశా, పాత సబ్బు నీళ్ల వాసన వచ్చింది. సీసాల్లో అమ్మే నిమ్మరసం గురించి మాట్లాడటం కూడా దండగ. కాయని బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లించి, కోసి, అప్పటికప్పుడు పిండాలి. పిప్పి దాకా పిండేస్తే తొక్కలోని చేదు దిగుతుంది, మనకి అసలే వగరుతో గొడవ ఉంది కదా.

షేకర్‌లో పెద్ద ఐసు ముక్కలు వేసి 12 నుంచి 15 సెకన్లు గట్టిగా ఊపుతాను. నాకు గడియారం అక్కర్లేదు, లోహం మీద తెల్లటి మంచు పొర పట్టి వేళ్లు చురుక్కుమన్నాయంటే చాలు. అర నిమిషం ఊపితే చల్లగా ఉంటుంది కానీ నీళ్ల పాలవుతుంది. ఐసు పొడితో బ్లెండర్‌లో తిప్పే రకానికి అన్యేహో వాడొద్దు, అంత చల్లదనంలో నాలుకకి ఏ వాసనా అందదు, దానికి మామూలు బ్లాంకో చాలు.

ఉప్పు గురించి చాలా మారాను. ఇదివరకు అంచు మొత్తం మెత్తటి టేబుల్ సాల్ట్ అద్దేవాణ్ణి, ప్రతి గుక్కా సముద్రమే. ఇప్పుడు రాతి ఉప్పు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు బయటి వైపు మాత్రమే, అదీ సగం చుట్టూ. లోపలి వైపు అంటితే ఉప్పు డ్రింక్‌లోకి దిగిపోతుంది. ఇంకో కిటుకు ఏమిటంటే 80 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల ఉప్పు కరిగించి చిన్న సీసాలో పెట్టుకుని, షేకర్‌లోనే రెండు చుక్కలు వేస్తాను. ఉప్పు తగిలినట్టే ఉండదు, కానీ వగరు మెత్తబడి వెనీలా పైకి తేలుతుంది. ఒకే షేకర్‌లోది రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో చుక్కలు వేసి, ఒకదాంట్లో మానేసి పక్కపక్కన పెట్టుకుని తాగి చూడండి, నా మాట నమ్మక్కర్లేదు.

ఇక ఆ మోసం చేసిన సీసా. రంగు ముదురు తేనెలా, సీసా చూస్తే షోకేస్‌లో పెట్టుకోవాలనిపించేలా ఉంది. లేబుల్ మీద నూరు శాతం అగావే అనే ఉంది, అది అబద్ధం కాదు. ఆ మాట లేకపోతే అగావే చక్కెర 51 శాతం ఉన్నా సరిపోయే 'మిక్స్టో' రకం అవుతుంది, అది నాకు తెలుసు కాబట్టి చూసే కొన్నాను. నాకు తెలియనిదల్లా పీపాలో పెట్టిన టెకీలాలో క్యారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం లాంటివి 1 శాతం దాకా లేబుల్ మీద చెప్పకుండానే కలపడానికి మెక్సికో నిబంధనలు ఒప్పుకుంటాయని. మార్గరీటా చేస్తే కేకు మీది క్రీము కరిగించి తాగినట్టు ఉంది, నిమ్మరసం ఎంత పెంచినా ఆ తీపి పోలేదు. చివరికి అరచేతిలో ఒక చుక్క వేసి రుద్దాను. మంచి సీసాది అలా రుద్దితే ఆల్కహాల్ ఆరిపోయాక ఉడికించిన అగావే వాసన, ఇంచుమించు కాల్చిన చిలగడదుంప వాసన మిగిలింది. దీనిది ఆరలేదు, వేళ్లు అంటుకున్నాయి, వెనీలా ఎసెన్సు కొట్టింది. ఇది కోర్టులో నిలబడే పరీక్షేం కాదు, కానీ అప్పట్నించి కొత్త సీసా తెరవగానే ముందు అదే చేస్తున్నా. లేబుల్ మీది ఎన్.ఓ.ఎం. నంబరు కూడా చూస్తున్నా, అది ఏ డిస్టిలరీలో తయారైందో చెప్తుంది. వేర్వేరు పేర్లతో, వేర్వేరు సీసాల్లో వచ్చేవి ఒక్కోసారి ఒకే నంబరువి.

మరో చిన్న ఇబ్బంది, సగం ఖాళీ అయిన సీసా నెలల తరబడి అలా ఉంచితే వాసన నీరసపడుతోంది. నా రెండో సీసా చివరి రెండు అంగుళాలు అలాగే చప్పబడ్డాయి, ఇప్పుడైతే చిన్న సీసాలోకి నిండుగా మార్చేస్తున్నా.

మూడేళ్లు దాటిన ఎక్స్‌ట్రా అన్యేహోతో కూడా ఒక్కసారి చేశాను. తాగాను, తిట్టుకున్నాను, మళ్లీ చెయ్యను. అది ఉత్తగానే తాగాలి. వారం వారం మార్గరీటా చేసుకునేవాళ్లు మాత్రం రెపొసాదో కొనుక్కోండి, ఎనభై శాతం ఆనందం అందులోనే దొరుకుతుంది, కొలతలు కూడా ఇంత కచ్చితంగా చూసుకోనక్కర్లేదు. నా నాలుగో సీసా అదే. అన్యేహో ఒకటి పక్కన పెట్టి ఉంచా, బావమరిది వచ్చినప్పుడు తీయడానికి. వాడు ఇప్పటికీ మొదటి గుక్క తాగి, "టెకీలా పోశావు కదా బావా?" అనే అడుగుతాడు.