మెక్‌షేన్ బైబిల్ రీడింగ్ ప్లాన్: 2021 నుంచి వాడుతున్నా, శోధనల విషయంలో పనికొచ్చిందా?

అందరికీ వందనాలు. ముందే చెప్పేస్తున్నా, ఇది సాక్ష్యం (దేవుడు నా జీవితంలో ఏం చేశాడో చెప్పుకోవడం) కాదు, రివ్యూ. ఏ రోజు బైబిల్లో ఏ భాగం చదవాలో చెప్పే ఒక చార్టు గురించి, అది శోధనల్లో, అంటే తప్పు వైపు మనసు లాగే సమయాల్లో, పనికొస్తుందా అన్నదాని గురించి. మా సంఘంలో కుర్రాళ్ళు "అన్నా అది ఫాలో అయితే నిజంగా మారతామా" అని అడుగుతూ ఉంటారు, ఒక్కొక్కరికీ మెట్రో దిగే లోపు చెప్పడం కుదరట్లేదు కాబట్టి రాసి పెట్టేస్తున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అని స్కాట్లండ్‌లో డండీ ఊళ్ళో సేవకుడు (పాస్టరు), 1842 చివర్లో తన సంఘస్థుల కోసం తయారు చేసిన చార్టు ఇది. 1843 మార్చిలో టైఫస్ జ్వరంతో చనిపోయాడు, అప్పటికి ఆయన వయసు 29. అంటే తను గీసిన చార్టులో ఆ ఏడు నిర్గమకాండం కూడా పూర్తికాకుండానే వెళ్ళిపోయాడన్నమాట. రోజుకి నాలుగు భాగాలు, మామూలుగా నాలుగు అధ్యాయాలు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు అయిపోతాయి. నాలుగిట్లో మొదటి రెండూ ఇంట్లో అందరూ కలిసి చదువుకోడానికి, మిగతా రెండూ ఒంటరిగా చదువుకోడానికి. జనవరి 1న ఆదికాండం 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యాలు 1. లోకం మొదలు, ప్రభువు పుట్టుక, చెరలోంచి తిరిగొచ్చి మళ్ళీ మొదలు, సంఘం మొదలు, అన్నీ ఒకే రోజు. మొదటి రోజే నాకు ఇది నచ్చింది.

నేను వాడే పద్ధతి: మాది ఒంగోలు వైపు, ఉండేది బెంగళూరు బనశంకరిలో, పీణ్యాలో ఒక ఫ్యాక్టరీలో పర్చేజ్ డిపార్ట్‌మెంట్. మెట్రో గ్రీన్ లైన్‌లో ఎక్కితే పీణ్య ఇండస్ట్రీ వరకు మారే పని లేదు, మెజెస్టిక్‌లో జనం దిగాక సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే నిలబడే ఒంటరి భాగాలు రెండూ చదివేస్తా, యశవంతపుర వచ్చేలోపు అయిపోతాయి. ఇంటి భాగాలు రాత్రి అన్నాలయ్యాక. మొదట్లో ఫోన్‌లో బైబిల్ యాప్ పెట్టుకున్నా గానీ అది కుదరలేదు, పైనుంచి ఒక నోటిఫికేషన్ జారిందంటే బైబిల్ పట్టుకున్న చేత్తోనే రీల్స్‌లోకి పోతాం, పైగా వరసగా ఇన్ని రోజులు చదివావు భేష్ అని అది మెచ్చుకోవడం ఒకటి. ఎం.జి. రోడ్డులో బైబిల్ సొసైటీకి వెళ్ళి చిన్న సైజు జిప్ బైబిల్ కొనుక్కున్నా, చార్టు జిరాక్స్ తీసి అందులో పెట్టుకున్నా. మీరూ అదే చెయ్యండి.

ఇక అసలు విషయం. శోధన వచ్చినప్పుడు ఇది పనికొస్తుందా? నా జవాబు, వస్తుంది, కానీ మనం అనుకునే దారిలో కాదు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో వాక్యం ఎలా వస్తుందో మనందరికీ తెలుసు. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో వాగ్దానం కార్డు (ఒక బైబిల్ వాక్యం అచ్చేసిన కార్డు) తీసుకుంటాం, ఏడాదంతా అది ఫ్రిజ్ మీద ఉంటుంది, పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వు పక్కన ఇంకో వాగ్దానం. నిన్ను హెచ్చిస్తాను, నీకు తోడుంటాను, నీ శత్రువులు నీ ముందు నిలవరు. అన్నీ బైబిల్లోవే, కాదనట్లేదు. కానీ "లంచము తీసికొనకూడదు" అని కార్డు మీద అచ్చేసి పంచిన సంఘాన్ని నేనింతవరకు చూళ్ళేదు. కార్డుల్లోకి ఎవరో ఏరి పెట్టినవి వస్తాయి, అందులోంచి మనం మళ్ళీ మనకి నచ్చింది ఏరుకుంటాం, మనల్ని పట్టుకునే వాక్యాలు ఈ రెండు జల్లెళ్ళలోనే ఆగిపోతాయి. మెక్‌షేన్ చార్టుకి మన మూడ్‌తో పని లేదు, ఈ రోజు ఇది అంటే ఇదే.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మత్తయి 4, చార్టులో జనవరి 4న వస్తుంది. యేసుని శోధించేటప్పుడు సాతాను వాడిన వాక్యం ఏంటి? 91వ కీర్తన, దూతలు నిన్ను ఎత్తిపట్టుకుంటారు అన్న మాట. మన దగ్గర వాగ్దానం కార్డుల్లో దానికంటే ఫేమస్ కీర్తన ఉందా! ప్రభువు మాత్రం మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం నుంచే ఇచ్చాడు, 8వ అధ్యాయంలోంచి ఒకటి (మనిషి రొట్టె వల్ల మాత్రమే బతకడు అన్నది), 6వ అధ్యాయంలోంచి రెండు. మనలో ఎంతమంది బైబిల్లో ద్వితీయోపదేశకాండం పేజీలకి రంగు పెన్సిలు తగిలి ఉంటుంది చెప్పండి. చార్టులో అది మే చివర, జూన్ మొదట్లో వస్తుంది, స్కూళ్ళు తెరిచి ఫీజులు కట్టే టైము, రొట్టె గురించి బెంగ ఎక్కువ ఉండే టైము.

ఆఫీసు సంగతి చెప్తా. పర్చేజ్‌లో పనిచేసేవాళ్ళకి మార్చి అంటే ఏంటో వివరించక్కర్లేదు. ఈయర్ ఎండింగ్, బడ్జెట్ మిగిలితే పోద్ది, ఆర్డర్లన్నీ గబగబా వెళ్ళాలి, వెండర్లు గేటు దగ్గరే కాసుక్కూర్చుంటారు. చార్టులో మార్చి రెండో వారంలో నిర్గమకాండం 23 వస్తుంది. "లంచము దృష్టిగలవానికి గ్రుడ్డితనము కలుగజేసి" అన్న వాక్యం అక్కడిదే. 1842లో డండీలో కూర్చుని గీసిన మనిషికి మన ఫైనాన్షియల్ ఇయర్ గురించి తెలిసే అవకాశం లేదు గానీ ప్రతి ఏడాదీ కరెక్టుగా నాకు ఆ వారమే తగులుతుంది.

ఒక మార్చిలో అట్టపెట్టెలు సప్లై చేసే ఆయన వచ్చాడు, హోసూరు వైపు తెలుగాయన, మంచి మాటకారి. టీ తాగుతూ, "సార్, మీది రెండు పర్సెంటు రేట్లోనే కలిపేసినా, మీరు ఒక్క మాట కూడా అనే పని లేదు" అన్నాడు. ఎంత నీట్‌గా చెప్పాడంటే అందులో తప్పేముంది అనిపించేలా. నేను కవరు ముట్టుకోను, అడగను, కంపెనీ వాళ్ళకి మిగతా కొటేషన్ల కంటే తక్కువకే వస్తుంది, ఎవరికి నష్టం? సరిగ్గా ఈ లెక్క మనసులో నడుస్తుండగా ముందురోజు రాత్రి ఇంట్లో చదివిన గుడ్డితనం మాట తగిలింది. దర్శనం గిర్శనం ఏం లేదు, తగిలిందంతే. గుడ్డితనం అంటే ఇదే కదా, తప్పు కనపడకపోవడమే కదా అనిపించింది. "అన్నా ఆ రెండూ తీసేసి కొత్త కొటేషన్ మెయిల్ చెయ్యి" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, "యాల సార్ ఇంత పట్టుదల" అని లేచిపోయాడు. కొటేషన్ తగ్గించి పంపాడు, అందరికంటే తక్కువ ఉంది కాబట్టి ఆర్డరూ ఆయనకే వెళ్ళింది. అప్పట్నుంచి నాతో తెలుగు మానేసి కన్నడలోనే మాట్లాడతాడు. దీనివల్ల నాకు ప్రమోషన్ రాలేదు, ఆశీర్వాదాలేవీ కురవలేదు, డిపార్ట్‌మెంట్లో "పాస్టరు గారు" అని పేరు మాత్రం వచ్చింది. సాక్ష్యాల్లో ఈ తర్వాతి భాగం ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా.

ఇంటి భాగాల గురించి ఒక హెచ్చరిక. ఫిబ్రవరి మొదటి వారంలో ఆదికాండం 38 వస్తుంది, యూదా, అతని కోడలు తామారుల మధ్య జరిగిన తప్పు సంగతి. మా ఇంట్లో తలా కొన్ని వచనాలు చదువుతాం, ఆ రోజు వంతు మా అమ్మాయిది, తొమ్మిదో క్లాసు. రెండు వచనాలు చదివేసరికి మా ఆవిడ నాకేసి చూసి "ఈ అధ్యాయం రేపు పొద్దున మీరొక్కరే చదువుకోండి, రేపటిది తీద్దాం" అంది. మా అమ్మ మంచం మీంచి, "చదవనీయమ్మా. యోసేపు పారిపోయింది చెప్పడానికి అందరూ ముందుకొస్తారు, యూదా సంగతొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు" అంది. మా అమ్మకి చదువు రాదు, సండే స్కూల్లో నేర్చుకున్న కంఠత వాక్యాలూ విన్నవీ తప్ప. చివరికి నేను చదివాను, పిల్ల విన్నది, మర్నాడు 39లో యజమాని భార్య పట్టుకుంటే యోసేపు బట్ట వదిలేసి పరిగెత్తింది విని "నాన్నా వీళ్ళిద్దరూ అన్నదమ్ములేగా" అని అడిగింది. సండే స్కూల్లో యోసేపు ఒక్కడే ఫ్లానల్ బోర్డు (బొమ్మలు అతికించి కథ చెప్పే గుడ్డ బోర్డు) మీద ఉంటాడు కాబట్టి నాకెప్పుడూ రాని ప్రశ్న అది. అదే వారంలో ఒంటరి భాగంలో రోమా 7 కూడా వస్తుంది, కోరిన మేలు చెయ్యలేక కోరని కీడు చేస్తున్నానని పౌలు మొత్తుకునేది. ఇవన్నీ పక్కపక్కన పడితే యోసేపు కథ "మనం కూడా పరిగెత్తాలి" అనే నీతి దగ్గర ఆగిపోదు.

ఏప్రిల్ కష్టం. లేవీయకాండం, కుష్ఠుపొడ పరీక్షలు, బలుల కొలతలు. చాలామంది ఇక్కడే మానేస్తారు, వాళ్ళని తప్పుపట్టను. ఇంకో లోపం, నాలుగు చోట్ల నాలుగు కథలు ఒకేసారి నడుస్తాయి కాబట్టి సాయంత్రానికి పొద్దున ఏం చదివామో గుర్తుండదు కొన్నిసార్లు, టిక్కు పెట్టడానికే చదివేస్తాం. మెక్‌షేన్ ఈ సంగతి ముందే ఊహించాడు, చార్టుకి ముందే దీనివల్ల వచ్చే ప్రమాదాలు కూడా రాసిపెట్టాడు, ఆచారంగా మారిపోవడం, చదివేశాం కదా అని స్వనీతి, అజాగ్రత్తగా చదవడం, కొందరికి మోయలేని కాడి అయిపోవడం. తన వస్తువు లోపాలు తనే ముందు పేజీలో రాసుకున్నోళ్ళు ఎంతమంది ఉంటారు!

శోధనల్లో కూడా అన్నిటికీ ఒకేలా పనిచెయ్యదు. నెమ్మదిగా వచ్చేవాటికి బాగా పనిచేస్తుంది: కమిషన్లు, పగ పెంచుకోవడం, పక్కవాడి ఇల్లు చూసి కుళ్ళుకోవడం. ఆలోచించుకునే టైము ఉంటుంది కాబట్టి చదివింది అడ్డొస్తుంది. టక్కున వచ్చేవాటికి, అంటే సిల్క్ బోర్డు జంక్షన్లో ఎవడో బైకు అడ్డంపెట్టినప్పుడు నోట్లోంచి వచ్చేవాటికి, ఏ చార్టూ అందుకోలేదు, అక్కడ మార్కులు తక్కువే ఇస్తా. రాత్రిపూట ఫోన్ సంగతి మధ్యస్తం. మార్చి మొదట్లో యోబు 31 వస్తుంది, "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని" అన్నది. అది చదివాక ఫోన్ ఛార్జర్ బెడ్‌రూంలోంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టా. చెప్పాలంటే సగం పని వాక్యం చేసింది, సగం పని ఆ హాలు చేసింది. 1 కొరింథీ 10లో శోధనతో పాటు తప్పించుకునే మార్గం కూడా ఇస్తాడని ఉంది కదా, ఆ మార్గం ఒక్కోసారి ప్లగ్గు పాయింటు కూడా కావచ్చని నా అభిప్రాయం. పెళ్ళికాని తమ్ముళ్ళు పీజీల్లో ఉండేవాళ్ళకి హాలు ఉండదు, రూమ్మేట్‌కి ఫోన్ ఇచ్చేసి పడుకోండి, సిగ్గుపడకండి.

రేటింగ్ అంటే ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది ఏప్రిల్ గురించే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నాలుగు భాగాలూ ఒకేసారి ఎత్తుకోకండి, మొదటి ఏడాది రెండు కాలమ్స్ చాలు, రెండో ఏడాది మిగతా రెండు. జనవరి 1 కోసం ఆగక్కర్లేదు, ఇవాళ ఏ తేదీ అయితే ఆ తేదీ దగ్గర వేలు పెట్టి మొదలుపెట్టండి. వెనకబడితే వదిలేసిన అధ్యాయాలన్నీ ఆదివారం మధ్యాహ్నం కూర్చుని లాగించేద్దాం అనుకోకండి, అవి వదిలేసి ఆ రోజు భాగానికి వచ్చెయ్యండి, వదిలేసినవి వచ్చే ఏడాది ఎలాగూ వస్తాయి. ఇంట్లో పిల్లలుంటే ఫిబ్రవరి మొదటి వారం ఎవరి వంతు ఏ రోజో ముందే చూసుకోండి.