బీపీ, షుగర్‌కి ఊళ్లో ఎంఎల్‌హెచ్‌పీనా, గుంటూరు జీజీహెచ్చా?

గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి ఇప్పుడు రెండు దారులు. ఒకటి, ఊరి హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఊరివాళ్ల ఆరోగ్యం చూస్తుంటారు. రెండోది, బస్సెక్కి జీజీహెచ్‌కి, అంటే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లడం.

నెలనెలా చూపించుకోడానికైతే నా ఓటు ఎంఎల్‌హెచ్‌పీకే. మిర్చి కోతలప్పుడు ఒకరోజు కూలి పోగొట్టుకుని ఓపీ వరసలో ఎవరు నిలబడతారు? అందుకే చాలామంది మాత్రలు మధ్యలో మానేస్తారు, అసలు ప్రమాదం అదే. ఊళ్లో అయితే బీపీ చూసి, మాత్రలిచ్చి, రానివాళ్లని ఆశా చేత పిలిపిస్తారు. అనుమానమొస్తే ఈ-సంజీవని వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడిస్తారు. కొత్త మందు మొదలుపెట్టడం, మోతాదు మార్చడం మాత్రం డాక్టరే చెయ్యాలి.

గుండెనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా క్లినిక్ దగ్గర ఆగొద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.